నాన్న కత్తిరించిన టేపు

మా నాన్న తెనాలిలో బ్యాండుమేళంలో క్లారినెట్టు వాయించేవారు. పెళ్ళిళ్ళకే కాదు, చావులకూ వెళ్ళేవారు. మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. చావు పాటలు ఇంట్లో సాధన చెయ్యకూడదు. అలాంటివి నేర్చుకోవాల్సి వస్తే నాన్న కాలవగట్టుకు పోయేవారు. ఈ విషయంలో అమ్మ మహా ఖచ్చితం.

ఒకసారి బాపట్లలో పెళ్ళికి వెళ్తే, ఆ పక్కింట్లో ఉండే రిటైరైన ఇంగ్లీషు మాస్టారు నాన్న వాయిద్యానికి ముచ్చటపడి పాత క్యాసెట్టు ఒకటి చేతిలో పెట్టారట. దాని మీద పేరూ ఊరూ లేదు. మా టేప్‌రికార్డరు మొదటి రోజే దాన్ని నమిలేసింది. నాన్న పెన్సిలుతో వెనక్కి చుట్టి, నలిగిన టేపు అటూ ఇటూ కత్తిరించి, మధ్యలో బాగున్న ముక్క అతికించారు. రెండు నిమిషాల పియానో మిగిలింది. అంత మెత్తటి పాట నేను అంతవరకూ వినలేదు. నాన్న వారం రోజులు వరండాలో కూర్చుని స్వరాలు రాసుకున్నారు. అమ్మ కూర తరుగుతూ ఆ పాటే కూనిరాగం తీసేది.

అక్కను రేపల్లె ఇచ్చాం. అప్పగింతలప్పుడు మేళగాళ్ళు ఏదో ఒక ఏడుపు సినిమా పాట వాయించడం మామూలే. నాన్న అక్క చేతులు వియ్యంకుడి చేతుల్లో పెట్టి, లేచి, పక్కనున్న క్లారినెట్టు అందుకుని ఆ క్యాసెట్టు పాట వాయించారు. “కన్యాదానం చేసిన మనిషి మేళం వాయించడం ఏంటండీ?” అని మగపెళ్ళివారిలో ఎవరో సణిగారు కూడా. అక్క కళ్ళు తుడుచుకుంటూ, “ఇంకొక్కసారి, నాన్నా” అంది. నాన్న మళ్ళీ వాయించారు.

ఏడాది తిరక్కుండా అక్క కామెర్లతో పోయింది. గుంటూరు ఆసుపత్రికి చేరేలోపే పోయింది.

ఆ తర్వాత నేను బాపట్లలో డిగ్రీలో చేరాను. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చిన రోజులు. నాన్న పేరు చెప్పుకుని మాస్టారింటికి వెళ్తే, ఆయన ఆ పాట మొత్తం వినిపించారు. ముందు బరువు మోస్తూ నడుస్తున్నట్టు ఈడ్చుకుంటూ అడుగులు. తర్వాత మా పాట. మళ్ళీ అవే అడుగులు.

“శవయాత్ర కోసం రాసిందమ్మా ఇది. రాసినాయన పోలండు దేశస్థుడు. ఆయన్ని పాతిపెట్టేటప్పుడు కూడా ఇదే వాయించారట” అన్నారు మాస్టారు.

ఆ పాట గురించి నాన్నకు తెలియని సంగతి నాకు తెలిసిందని నా సంబరం. చిన్నప్పట్నుంచీ నా నోటికి తొందరెక్కువ. రైలు దిగి ఇంటికి రాగానే, అన్నం తింటున్న నాన్నకు అంతా ఏకరువు పెట్టాను. నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అప్పటికి గానీ నేనేం చెప్పానో నాకు తెలిసిరాలేదు.

“సావుమేళంతో పంపానే దాన్ని” అన్నారు. కంచంలోనే చెయ్యి కడిగేసుకుని, “మీ అమ్మకి చెప్పమాక” అన్నారు.

కామెర్లకీ పాటకీ సంబంధం ఏంటని ఎన్నిసార్లు పోట్లాడానో. వినలేదు. స్వరాల పుస్తకంలో ఆ కాగితం మాయమైంది. నాన్న పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశారు, చావులకు మాత్రం వెళ్ళేవారు. పెళ్ళి ఊరేగింపుల్లో అంతసేపు వాయించడానికి ఊపిరి చాలడం లేదని అమ్మకు అబద్ధం చెప్పారు. నా మాట వల్ల ఆ బరువు ఆయన ఒక్కరే మోశారు. నేను నోరు మూసుకుని ఉంటే ఆయన ఇంకా ఎన్ని పెళ్ళిళ్ళు వాయించేవారో.

నాన్న పోయిన రోజు మేళంవాళ్ళంతా వచ్చారు. “ఏం వాయించమంటావు, వదినా?” అని అడిగారు.

“పెద్దదాని అప్పగింతల్లో వాయించింది. ఆయనకి అదంటే ప్రాణం” అంది అమ్మ.

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నాన్న దాన్ని ఎవరికీ నేర్పలేదు. అమ్మ నావైపు తిరిగి, “నువ్వు పాడి వినిపించవే, వాళ్ళు అందుకుంటారు” అంది.

నాకు ప్రతి స్వరం వచ్చు. “మర్చిపోయానమ్మా” అన్నాను.

అప్పుడు అమ్మే అందుకుంది. నాన్న తల దగ్గర కూర్చుని, బొంగురు గొంతుతో, ఎన్నో ఏళ్ళ కిందట కూర తరుగుతూ పాడినట్టే పాడింది. ఒక్క స్వరం తప్పలేదు. క్లారినెట్టాయన రెండుసార్లు విని పట్టుకున్నాడు. వీధి చివరిదాకా అదే వాయించారు. ఎందుకు రాసిన పాటో ఆ రోజు అందుకే మోగింది. నాన్న కోరుకునేది కూడా అదేనేమో, అడగడానికి ఆయన లేరు.

అమ్మ ఇప్పటికీ దాన్ని అక్క పెళ్ళి పాట అనే అంటుంది. నేను ఊఁ కొడతాను.