బొట్టు పెట్టని తుపాకీ

ఆయుధపూజ రోజున కారుకు బొట్టు పెడుతుంటే, కుంకుమ వాసనకు అమెరికాలోని క్యారీ ఊళ్లో నా రెండో తరగతి గుర్తొచ్చింది.

ఆ దసరాకు అమ్మ ల్యాప్‌టాప్‌కు కూడా బొట్టు పెట్టి, "రోజూ వాడేవాటికి పెడతాం నాన్నా" అంది. మర్నాడు కుంకుమ పొట్లంతో వెళ్లి, స్కూల్ తలుపు దగ్గర కాపలా ఉండే పోలీసు ఆఫీసర్ తుపాకీ వైపు వేలు చాపాను. ఆయన చటుక్కున దాన్ని చేత్తో కప్పేశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని ఎందుకని అడిగాడు. అమ్మ మాట చెప్పాను.

"దీన్ని నేనెప్పుడూ వాడలేదు. రోజూ వాడేది ఇది" అంటూ తాళాలగుత్తి చాపాడు.

వాడనిదాన్ని రోజూ ఎందుకు మోస్తాడా అని జాలేసింది.

ఇప్పుడు మా పాపను స్కూల్లో దింపేటప్పుడు, నా కళ్లు ముందు అక్కడి ఆఫీసర్ నడుముకున్న తుపాకీ మీదికే పోతాయి. ఆ తుపాకీ కూడా ఎప్పుడూ వాడకుండా, బొట్టు పెట్టకుండానే ఉండిపోవాలనుకుంటూ కారు ముందుకు పోనిస్తాను.