దారం వంచి చూపిన మేడం

మా సైన్సు మేడం మొన్న చనిపోయింది. గుండెపోటు అని బడి గ్రూపులో మెసేజ్ వచ్చింది. నేను ఎనిమిదితో బడి మానేసి ధర్మవరంలో నాయనతో మగ్గం నేస్తున్నాను. ఎక్కువ రాయడం రాదు. అయినా ఆమె గురించి మీకు చెప్పాలి.

మా చెల్లికి ఒంట్లో రక్తం నిలవదు. పసిబిడ్డప్పటి నుంచీ అనంతపురం తీసుకుపోయి ఎక్కిస్తున్నాం. కడుపుతో ఉన్నప్పుడు అమ్మ గ్రహణంలో బయట తిరిగిందని, అందుకే ఇట్లా అయిందని అవ్వ అనేది. మగ్గానికి కొత్త పడుగు, అంటే నిలువు దారాలు, ఎక్కించేటప్పుడు పాత దారాలకు కొత్తవి అతకాలి. అమ్మ చెయ్యి మంచిది కాదని అవ్వ ఆ పని ఆమెను ముట్టనిచ్చేది కాదు.

చెల్లి బడికి రాలేదేమని ఒకరోజు మేడం ఇంటికి వచ్చింది. నేను తల దించుకున్నాను.

"ఏమప్పా, నోట్లో దారం పెట్టుకున్నావా, మాట రాలేదు?" అంది.

అవ్వ గ్రహణం సంగతి చెప్పింది. మేడం కింద పడిన పట్టుదారం తీసి, దూరం దూరంగా రెండు ముడులు వేసింది.

"ఒంట్లో ఇంతకంటే సన్నదారం ఉండాది, డీఎన్ఏ అంటారు. ఈ ముడి స్విచ్చి. ఆ ముడి రక్తం చేసే జీను. ప్రోటీన్లు పట్టుకోని దారాన్ని ఇట్లా వంచితే రెండూ తగుల్తాయి. అప్పుడే జీను పని చేస్తాది. కడుపులో ఉన్నప్పుడు పని చేసే జీను వేరే. పుట్టినాంక ఇంకో ప్రోటీను దాని మీద కూర్చోని మూసేస్తాది. తర్వాత పని చేయాల్సింది పాపకు చెడిపోయుండాది."

"దారం వంగితే రక్తమొస్తాదా? ఏం చెప్తావమ్మా," అంది అవ్వ.

"పట్టు వంగకుంటే నీకు చీర పడుతుందా అవ్వా?"

"యాడ పడుతుంది."

"ఇదీ అంతే. చెడిన జీను నాయన వైపు నుంచీ వచ్చింది, అమ్మ వైపు నుంచీ వచ్చింది. గ్రహణానికి ఈడేం పని?"

తర్వాతి పడుగు అతికేటప్పుడు అవ్వే "రా, నువ్వూ కూర్చో" అని అమ్మను పిలిచింది.

మూసిన జీనును కొంచెం తెరిచే మాత్రలుంటాయని బెంగుళూరు డాక్టరు దగ్గరికి పంపింది మేడమే.

"తగ్గుతాదా మేడం?" అని అడిగాను.

"తెల్దప్పా. కొందరికి పని చేస్తాది, కొందరికి చేయదు. తెల్దని చెప్పేదానికి నాకేం సిగ్గు."

ఆ మాట ఎప్పుడూ అనేది. ఆదివారం ఫోను చేసి, "పాప మొగం ఎట్లుండాది?" అనేది. మాత్రలు పని చేస్తున్నాయో లేదో డాక్టరు ఇంకా చెప్పలేదు. మంచైనా చెడైనా ఇంక ఎవరికి చెప్పాలో తెలియడం లేదు.

ఆఖరి చూపుకు మేడం ఇంటికి వెళ్ళాం. నాయన ఎత్తుకోబోతే చెల్లి వద్దంది. రోడ్డు నుంచి తనే నడిచింది. సగం దూరంలో ఆయాసపడి గోడ నీడన కూర్చుంది. అమ్మ వంగి దాని పెదాల వైపు చూసింది. ఎర్రబడ్డాయా, పాలిపోయాయా, ఆ ఎండలో ఏమీ తెలియలేదు. చెల్లి గోడ పట్టుకుని లేచి మళ్ళీ నడిచింది.