దండ వేసి సాగనంపిన జీపు

మా మరిది ఫోనులో ఫొటో చూపించాడు. మా జీపుకి బంతిపూల దండ, టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమ. "మంచిగ సాగనంపినం వదినా" అన్నాడు మురిసిపోతూ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోంటాలో మా అక్కకి ఒంట్లో బాగాలేదని వెళ్లి వచ్చేసరికి, నా జీపు పాత ఇనుము కొనే జగదల్‌పూర్ కబాడీవాడి లారీ ఎక్కేసింది. ఇన్నేళ్లలో దాన్ని ఒక్కసారి కడిగిన పాపాన పోలేదు మహానుభావుడు. పోయేటప్పుడు మాత్రం పూజ!

మా ఆయన పోయాక దాన్ని నేనే నడిపాను. భోపాలపట్నంలోని మా దుకాణం నుంచి ఉప్పు, సబ్బులు, చీరలు, గాజులు వేసుకుని మద్దేడ్ సంతకీ ఆవపల్లి సంతకీ తిరిగేదాన్ని. రెండో గేరు పడాలంటే బుజ్జగించాలి, ఎత్తు ఎక్కాలంటే తిట్టాలి. తిట్లు కూడా తెలుగులోనే తిట్టాలి, హిందీకి కదిలేది కాదు. మొదట్లో నన్ను చూసి నవ్వినవాళ్లే తర్వాత వానొస్తే దాని చాటుకి చేరేవాళ్లు.

డ్రైవరు సీటు కింద ఒక ఇనుప పెట్టె ఉండేది. ఒకసారి సంతలో ఒకావిడ చిన్న గుడ్డమూట తెచ్చి, "ఇంట్ల ఉంటే మా ఆయన తాగుడుకు పెడతడు, నీ బండ్ల పెట్టక్కా" అంది. పెట్టాను. ఆవిడని చూసి ఇంకొకరు, వాళ్లని చూసి మరికొందరు. వెండి కడియాలు, ముక్కుపుల్లలు, చింతపండు అమ్మి దాచుకున్న నోట్లు. ఎవరి మూటకి వాళ్ల రంగు దారం. సంత రోజు వచ్చి, మూట విప్పి కళ్లారా చూసుకుని, మళ్లీ కట్టి నా చేతికిచ్చి పోయేవాళ్లు. ఈ సంగతి ఒక్క మగాడికీ చెప్పొద్దని ఒట్టు. తాళంచెవి నా నడుముకే ఉండేది. కోంటాలో కూడా.

"సీటు కింద పెట్టె ఏదిరా?" అన్నాను.

"గదా? దానికి తాళం ఉండె. పాత పానాలుంటయనుకున్న. ఇనుముల ఇనుమని ఇచ్చేసిన."

"తాళం ఎవరిదో అడగాలని తోచలేదా? బండి నడిపేది ఎవరో నీకు తెలియదా?"

"బండి ఫిట్‌నెస్ కాయితం అయిపోయింది వదినా. కొత్త పికప్ తెచ్చిన గద! ఇగ నువ్వు దుకాన్ల కూసో, సంతలకు నేను తిరుగుత." నాకేదో మేలు చేసినట్టు చెప్పాడు. నేను ఊళ్లో లేని రోజు చూసి అమ్మినవాడు, నాకు కూర్చునే చోటు చూపిస్తున్నాడు.

కబాడీవాడికి ఫోన్ చేశాను. "జీప్ తో కట్ గయా బెహెన్‌జీ. డబ్బా? కైసా డబ్బా?" అని, పెట్టె సంగతే ఎరగనట్టు పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మర్నాడు బస్సెక్కి జగదల్‌పూర్ వెళ్లాను. ముక్కలు చేసిన రేకుల గుట్టలో మా జీపు ఏదో కూడా నాకు తెలియలేదు.

ఒట్టు తప్పి, పెట్టెలో ఏముందో మరిదికి చెప్పి, సంత రోజు వాణ్ని వెంటబెట్టుకుని మద్దేడ్ వెళ్లాను. "నా నోటితో నేను చెప్పను, నువ్వే చెప్పు" అన్నాను. జీపు ఎప్పుడూ ఆగే చోటే కొత్త పికప్ ఆపాం. అందరికంటే ముందు ఒక ముసలామె వచ్చింది. మనవరాలి పెళ్లికని నా దగ్గర కడియాలు దాచుకున్న మనిషి. మరిది తల దించుకుని, "తప్పయింది అవ్వా, నాకు ఎరక లేకుండె. కొత్తయి కొనిస్త" అన్నాడు. వాణ్ని నలుగురూ నాలుగు వాయిస్తే చూడాలని ఉంది నాకు. ఆమె వాడి వైపు తలైనా తిప్పలేదు.

"గాయనెవరు బిడ్డా?" అని నన్నడిగింది.

"మా మరిది."

"గాయనకు నేనేం ఇయ్యలే. నీకిచ్చిన."

అని, నా ముందు చెయ్యి చాపి నిలబడింది.