రెండు నుంచి మొదలైన లెక్క

ఆ కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంది కాబట్టి విజిలమ్మ అనేవారు. మూడో అంతస్తులో ముప్ఫై నలుగురు ఆడవాళ్ళు చొక్కాలు కుడితే, వాళ్ళ మీద ఆమె సూపర్‌వైజరు. నిప్పంటుకుంటే ఎవరు ఏ మెట్ల మీదుగా దిగాలో, ఆవరణలో ఎక్కడ నిలబడాలో, అందరూ వచ్చారని లెక్క ఎవరు చెప్పాలో రాసిన కాగితం గోడ మీద అంటించి ఉండేది. లెక్క చెప్పడం విజిలమ్మ పని. మూడు నెలలకోసారి గంట కొట్టి ఆ దిగడాన్ని అలవాటు చేయించేవారు. దాన్ని డ్రిల్లు అనేవారు.

విజిలమ్మది పెద్ద నోరు, మెత్తని మనసు. ఆ మెత్తదనమే కొంప ముంచింది. దాచడమెందుకు, ముందే చెప్పేస్తున్నాను.

బొత్తాల మిషను మీద కూర్చునే ఆవిడ విజిలమ్మకు పెద్ద తోడికోడలు. ఒకే ఇంట్లో చెరో రెండు గదుల్లో పదిహేడేళ్ళుగా కాపురం. తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అనేవాళ్ళను పిలిచి వీళ్ళను చూపించాలి. ఒకరికి తలనొప్పి వస్తే రెండోవారు పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు కాదు. అక్కకు మోకాళ్ళు అరిగిపోయాయి. పొద్దున్న ఒకసారి మెట్లెక్కడం, సాయంత్రం ఒకసారి దిగడం, అంతవరకే ఆవిడ ఓపిక. అందుకే మొదటి డ్రిల్లు నాడే విజిలమ్మ అడ్డం పడింది.

"నువ్వు కూర్చో అక్కా. ఉత్తుత్తి గంటే కదా. నిన్ను నేను లెక్కలో వేసేసుకుంటాలే."

వేసుకుంది కూడా. ఆవరణలో వరసగా నిలబెట్టి, మొదటి మనిషి భుజం తట్టి "రెండు" అనేది. ఒకటి పైన కూర్చున్న అక్క. చివరి మనిషి దగ్గరికి వచ్చేసరికి ముప్ఫై నాలుగు సరిపోయేది. మన అంతస్తుకు ఒకటో నంబరే లేదని అమ్మాయిలు వేళాకోళం ఆడేవారు. ఆరేళ్ళలో ఇరవై నాలుగు డ్రిల్లులు అలాగే గడిచాయి. మూడున్నర నిమిషాల్లో అంతస్తు ఖాళీ చేస్తున్నారని మేనేజరు చప్పట్లు కొట్టించాడు. వాపును చూసి బలుపనుకోవడమంటే అదే మరి.

ఒక మధ్యాహ్నం మూడింటికి మొదటి అంతస్తులో పీలికలు పోసే గది అంటుకుంది. గంట మోగింది. కిటికీలోంచి పొగ వాసన తగిలేసరికి ఇది ఉత్తుత్తి గంట కాదని విజిలమ్మకు తెలిసిపోయింది. ఒక పిల్ల భయంతో మిషను కాలు పట్టుకుని వదలలేదు. దాన్ని రెండు చేతులతో ఊడబెరికి, విజిల్ ఊదుతూ, తోస్తూ, తిడుతూ అందరినీ దించింది. బొత్తాల మిషను హాలు చివర అట్టపెట్టెల వెనక ఉండేది. అక్క ఎప్పటిలాగే ఉత్తుత్తి గంట అనుకుని కూర్చుండిపోయింది.

ఆవరణలో విజిలమ్మ మొదటి భుజం తట్టింది. ఆరేళ్ళు అరిగిన నోరు, "రెండు" అంది. చివరికి ముప్ఫై నాలుగే తేలింది. అగ్నిమాపక అధికారి వచ్చి అందరూ దిగారా అని అడిగితే, అందరూ దిగారని గట్టిగా చెప్పింది. పైన ఎవరూ లేరనుకుని వాళ్ళు మెట్ల వైపు వెళ్ళకుండా వెనక నుంచి నీళ్ళు కొట్టడం మొదలుపెట్టారు.

ఇరవై నిమిషాల తర్వాత బావగారు వచ్చారు. అక్క భర్త ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరే వాచ్‌మన్. బండ్లకు దారి ఇప్పిస్తూ అంతసేపూ బయటే ఉండిపోయారు. వరసంతా ఒకసారి చూసి, "మీ అక్క ఏదమ్మా?" అన్నారు.

అక్క రెండో అంతస్తు మెట్ల మలుపులో దొరికింది. చెప్పులు చేత్తో పట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మంట తాకలేదు, పొగే ప్రాణం తీసింది. ఒక్క అంతస్తు దిగగలిగింది. లెక్క సరిగ్గా చెప్పి ఉంటే ఎవరో ఒకరు ఎదురెళ్ళి ఎత్తుకొచ్చేవారు. విజిలమ్మకు ఆ సంగతి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

అక్క కిందికి వచ్చి, తన సంచి కోసం మళ్ళీ పైకి వెళ్ళిందని మేనేజరు విచారణ కాగితాల్లో రాయించాడు. విజిలమ్మ తలూపింది. నిజం చెబితే బావగారి ముఖం ఎలా చూడాలన్న భయం ఆమెది. చెప్పి ఏం బావుకుంటావని మొగుడు కూడా నోరు నొక్కాడు. పదకొండు రోజులు ఆమె ముద్ద మింగలేదు. గోడ అవతల బావగారు ఒంటరిగా దగ్గుతుంటే ఇవతల కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పన్నెండో రోజు పొద్దున్నే వెళ్ళి ఆయన గుమ్మంలో కూలబడింది.

"బావగారూ, అక్క కిందికి రానేలేదు. నేనే తప్పు లెక్క చెప్పాను."

ఆయన గోడ మేకు వైపు చెయ్యి చూపించారు. అక్క సంచి దానికే వేలాడుతోంది.

"ఆ రోజు అది సంచి ఇంట్లోనే మర్చిపోయిందమ్మా. నాకు మొదటిరోజే తెలుసు. నువ్వే చెబుతావని చూస్తున్నాను."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. విజిలమ్మ అదే రోజు విచారణ అధికారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పి, సంతకం పెట్టి వచ్చింది. బావగారు మాత్రం ఆమెతో మాట్లాడడం మానేశారు.

ఐదు నెలలకు ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచారు. నడవలేనివాళ్ళను మోసేందుకు ప్రతి అంతస్తులో రెండు పిడుల కుర్చీ పెట్టారు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. విజిలమ్మను ఉద్యోగం నుంచి తీసేస్తారని అందరూ అనుకున్నారు. ఆమే మానేస్తానంది. నిజం చెప్పిన మనిషే లెక్క చూడాలని విచారణ అధికారి పట్టుబట్టాడు.

మొదటి డ్రిల్లు వచ్చింది. నెలలు నిండుతున్న పిల్లను కుర్చీలో మోయించింది. అట్టపెట్టెల వెనక, బల్లల కింద, మరుగుదొడ్లలో చూసి అందరికంటే ఆఖరున దిగింది. వరసలో మొదట బొత్తాల మిషను మీదికి కొత్తగా వచ్చిన మనిషి నిలబడింది. విజిలమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఒకటి అంటే అక్క స్థానం ఇంకొకరికి ఇచ్చేసినట్టే అనిపించింది. ముప్ఫై నలుగురూ ఎండలో కదలకుండా నిలబడ్డారు.

గేటు దగ్గర స్టూలు చప్పుడైంది. బావగారు లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. ఐదు నెలల తర్వాత ఆమెతో మాట్లాడారు.

"ఒకటి అనమ్మా."

విజిలమ్మ ఏడుస్తూనే అంది.