నీళ్ళక్క ఏం వాయించాలి?

నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చునే ఆవిణ్ణి వీధి వీధంతా నీళ్ళక్క అనేది. బ్యాంకు కాగితాల మీద తప్ప ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పనిపడేది కాదు. ఆవిడ ఉద్యోగమల్లా వినడం. కుళాయి రానివాళ్ళు, వచ్చినా బురద వచ్చేవాళ్ళు, పక్కింటికి వచ్చి తమకి రానందుకు కడుపు మండినవాళ్ళు, అందరూ కిటికీ అద్దానికున్న గుండ్రటి కన్నంలో మూతి పెట్టి అరిచేవారు. ఆవిడ ఓపిగ్గా విని, "రాసుకున్నానండీ, మనిషిని పంపిస్తాం" అనేది. ఆ పంపే మనిషి లోపలి గదిలో ఉంటాడని వినికిడి. ఆవిడ కూడా ఆయన్ని చూసింది తక్కువ.

ఇలా ఏళ్ళు గడిచాక ఒక సాయంత్రం భోజనాల దగ్గర, చారు వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె ఆపి, "నేను ఏదైనా వాయిద్యం నేర్చుకుంటాను" అంది.

భర్త స్కూలు బస్సు డ్రైవరు. రోజంతా బస్సెడు పిల్లల అరుపులు వీపున మోసి ఇంటికొచ్చేవాడికి చీమ చిటుక్కుమన్నా పడేది కాదు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని దాని బ్యాటరీ ఎప్పుడో పీకేశాడు. ఆ ఇంట్లో టైము తెలియాలంటే ఎవరో ఒకరు కిందికి దిగి, మొదటి అంతస్తులో పళ్ళ డాక్టరు గారి గడియారం చూసి రావాల్సిందే.

"ఏం వాయిద్యం?" అన్నాడు అనుమానంగా.

"అదే ఇంకా తెలీదండీ."

"తెలియనంతకాలం నాకేం అభ్యంతరం లేదు," అని చారు కలుపుకున్నాడు.

అత్తగారు మాత్రం ముచ్చటపడింది. "నేర్చుకోనీరా దాన్ని. కానీ అమ్మాయ్, మరీ చిన్నది తేకు. నా కళ్ళకి ఆనదు, చూడకుండా మీద కూర్చుంటాను." ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు. అంతకుముందు ఒక రేడియో మీద, రెండు కళ్ళజోళ్ళ మీద, ఒకసారి ఎదురింటి పిల్లి మీద కూర్చున్న మనిషి.

మర్నాడు ఆఫీసు అయ్యాక నీళ్ళక్క వాయిద్యాల కొట్టుకి వెళ్ళింది. అది పరుపుల దుకాణం పైనున్న పొడుగాటి గది. కొట్టు ముసలాయన బేరాల మనిషి కాదు. వచ్చినవాళ్ళని ముందు ఎగాదిగా చూసి, ప్రశ్నలతో కడిగేసేవాడు.

"ఎందుకు నేర్చుకుందామనుకుంటున్నావమ్మా?"

"పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా అందరూ నా చెవుల్లో పోస్తూనే ఉన్నారండీ. ఒక్కసారైనా నా వైపు నుంచి ఏదో ఒకటి బయటికి పోవద్దూ?"

ముసలాయన తలాడించాడు. వేళ్ళు చాపమన్నాడు. పళ్ళు చూపించమన్నాడు. మూలనున్న నీళ్ళ బకెట్టు ఎత్తించి దింపించాడు. "కోపమొస్తే ఏం చేస్తావు?"

"గిన్నెలు తోముతాను."

"ఏడుపొస్తే?"

"అప్పుడూ గిన్నెలేనండీ."

"సంతోషమొస్తే?"

"అప్పటికి గిన్నెలు తోమడం అయిపోయి ఉంటుంది."

"నీకు డ్రమ్ములు రాసిపెట్టి ఉన్నాయి తల్లీ," అన్నాడాయన. కానీ ఆవిడ చూపు గాజు బీరువాలో వయొలిన్ మీద పడి అక్కడే అతుక్కుపోయింది. ఆయనకి తన పద్ధతంటూ ఒకటుంది. ఏ వాయిద్యాన్నీ వచ్చినరోజే అమ్మడు. ముందు ఇంటికి పట్టుకెళ్ళాలి, కొన్నాళ్ళు ఉంచుకోవాలి, పొసగకపోతే తెచ్చి మరొకటి తీసుకోవాలి. "సరే, అదే పట్టుకెళ్ళు," అని పెట్టె చేతికిచ్చాడు.

వయొలిన్ మూడో అంతస్తులో వాళ్ళింటి దాకా చేరనే లేదు. మెట్ల దగ్గర పళ్ళ డాక్టరు అడ్డం పడ్డాడు. బిల్డింగు సంఘానికి ఆయనే అధ్యక్షుడు.

"ఏంటక్కా ఆ పెట్టెలో?"

"వయొలినండీ. నేర్చుకుందామని."

డాక్టరు మొహంలో నెత్తురుచుక్క లేదు. "నేర్చుకునేవాళ్ళ వయొలిన్ ఎలా ఉంటుందో మీకు తెలీదు. అచ్చం నా డ్రిల్లు మిషన్లా ఉంటుంది. నా డ్రిల్లు చేతిలోనే ఉండి, శబ్దం పైనుంచి వస్తే పేషెంటు ఏమనుకుంటాడు? పైన ఇంకొకణ్ణి కోస్తున్నారనుకోడూ?"

ఆ సాయంత్రమే డాబా మీద మీటింగు పెట్టారు. నీళ్ళక్క ఏం వాయించకూడదన్నది చర్చ. వయొలిన్ అప్పటికే వద్దనేశారు. అయితే కొట్టు ముసలాయన డ్రమ్ములు తీసుకోమన్నాడని ఆవిడ చెప్పగానే రెండో అంతస్తు గుడ్ల వ్యాపారి ఎగిరిపడ్డాడు. ఆయన ఇంట్లో మంచం తప్ప మిగతాదంతా గుడ్ల అట్టలే. "పైన మీరు దబ్బుమంటే కింద నా సరుకు పచ్చసొన అయిపోతుందమ్మా!"

డాక్టరు న్యాయంగా నడుచుకునే మనిషి. "చూడకుండా కాదనడం తప్పు. వయొలిన్ నా దగ్గర పెట్టండి, క్లినిక్‌లో పరీక్షించి నివేదిక ఇస్తాను. డ్రమ్ములు తెప్పించి ఈయన ఇంట్లో పెడదాం. ఒక అట్ట గుడ్లు పక్కన పెట్టి చూస్తారు."

అందరూ చప్పట్లు కొట్టారు. నీళ్ళక్కని ఎవరూ అడగలేదు. అడిగినా కాదనే అలవాటు ఆవిడకి లేదు.

డాక్టరు పరీక్ష మొదలుపెట్టి ఎంతకీ ముగించడే. వయొలిన్ గీకితే ఆయనకో కొత్త సంగతి తెలిసింది. అది వినగానే పేషెంట్లు భయంతో వాళ్ళంతట వాళ్ళే నోళ్ళు తెరుస్తున్నారు. "పెద్దగా తెరవండి, ఇంకా పెద్దగా" అని ఇన్నేళ్ళు గొంతు చించుకున్న మనిషి ఇప్పుడు ఒక్క గీతతో పని కానిస్తున్నాడు. గుడ్ల వ్యాపారిది ఇంకో దారి. డ్రమ్ము మీద నెమ్మదిగా దరువేస్తే మంచి గుడ్లు కదలకుండా కూర్చుంటున్నాయి, చెడిపోయినవి మాత్రం అట్టలో గింగిర్లు తిరుగుతున్నాయి. సరుకు ఏరడానికి ఇంతకంటే తేలిక ఉపాయం లేదని ఆయన పొద్దున్నే లేచి వాయించేవాడు. ఆయన మాట నిజమో కాదో గానీ, ఆ వీధిలో కుళ్ళిన గుడ్డు దొరకడం మానేసింది.

"నివేదిక ఎప్పుడిస్తారండీ?" అని నీళ్ళక్క మెట్ల మీద అడిగితే, "ఇంకా పైస్థాయిలు చూడాలక్కా" అన్నాడు డాక్టరు, వయొలిన్ రాపిడికి చుబుకం కింద ఎర్రగా కమిలిపోయి.

ఆవిడ మళ్ళీ కొట్టుకి వెళ్ళింది. ముసలాయన వెండిరంగు ఫ్లూటు ఇచ్చాడు. తెచ్చి సోఫా మీద పెట్టి కాళ్ళు కడుక్కొచ్చేలోపు అత్తగారు దాని మీద కూర్చుంది.

"నేను ముందే చెప్పానా లేదా?" అంది అత్తగారు, లేవకుండానే.

వంగిన ఫ్లూటుని ముసలాయన వెనక్కి తీసుకోనన్నాడు. వాడకుండా పడెయ్యడం ఇష్టంలేక అత్తగారే ఊదడం మొదలుపెట్టింది. ఆ ఫ్లూటులోంచి శబ్దం కూడా వంకర తిరిగి వచ్చేది. ఆవిడ హాల్లో కూర్చుని ఊదితే హాల్లో ఏమీ వినపడేది కాదు, వంటింట్లో పొయ్యి వెనకనుంచి వచ్చేది. నీళ్ళక్క ఉలిక్కిపడి రెండుసార్లు పాలు పొంగించేసింది.

మూడోసారి ముసలాయన అకార్డియన్ ఇచ్చాడు, తిత్తి లాగి మూస్తూ వాయించేది. అది రెండ్రోజులు మంచం కింద ఉంది. భర్త దాన్ని చూసి చూసి, "రేపు బస్సులో వేసుకెళ్ళి నేనే తిరిగిచ్చేస్తాను, పీడ వదుల్తుంది" అన్నాడు. మర్నాడు సాయంత్రం ఆయన వచ్చాడు, అకార్డియన్ కూడా వచ్చింది.

"ఇవ్వలేదేంటండీ?"

ఆయన చెప్పులు విప్పుతూ నేల చూపులు చూశాడు. "సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పిల్లలు ఒకటే గోల. ఊరికే ఒకసారి తిత్తి లాగాను. లాగగానే..."

"ఆ, లాగగానే?"

"నోళ్ళు మూసుకున్నారే! అందరూ! ఒక్కడు కూడా కిక్కురుమనలేదు. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి నా ఇంజిన్ శబ్దం నాకు వినపడింది." ఆయన కళ్ళు చెమర్చాయి. ఆ మొగుడి చేతిలోంచి అకార్డియన్ లాక్కోవడానికి నీళ్ళక్కకి మనసు రాలేదు. ఆ తర్వాత ఆయన పచ్చ లైటు పడ్డా కదలకుండా పాట పూర్తిచేస్తున్నాడనీ, వెనక లారీల వాళ్ళు బండబూతులు తిడుతున్నారనీ ఆవిడకి ఆఫీసులో ఎవరో చెప్పారు.

ఇప్పుడు బిల్డింగులో అందరూ వాయిస్తున్నారు, నేర్చుకోవాలనుకున్న మనిషి తప్ప. ఆ గోల ఒకరిది ఇంకొకరు భరించలేకపోయారు. భరించలేనివాళ్ళు ఎక్కడికెళ్ళాలి? ఫిర్యాదులు విని అలవాటున్న మనిషి మూడో అంతస్తులోనే ఉందయ్యె. డాక్టరు వచ్చి గుడ్లాయన దరువుకి తన పేషెంటు పన్ను దానంతటదే ఊడిందన్నాడు. గుడ్లాయన వచ్చి డాక్టరు గీకుడు వింటే పెట్టలు గుడ్లు పెట్టవన్నాడు. భర్త, సొంత భర్త, వరసలో నిలబడి తన వంతు వచ్చాక తల్లి ఫ్లూటు గురించి చెప్పుకున్నాడు.

నీళ్ళక్క ఆఫీసులో రోజంతా విని, ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి విని, "రాసుకున్నానండీ" అనేది. ఎక్కడ రాసుకుందో ఎవరూ అడగలేదు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం వరస మెట్ల దాకా పెరిగింది. ముందున్న డాక్టరు, "అసలు ఇదంతా మీవల్లే కదక్కా మొదలైంది" అన్నాడు. మాట మామూలుగానే అన్నాడు. కానీ నీళ్ళక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. సింకులో గిన్నెలు అలాగే వదిలేసి, చెప్పులేసుకుని, వరసని తోసుకుంటూ కిందికి దిగి, సరాసరి కొట్టుకి నడిచింది.

కొట్టు బోసిపోయి ఉంది. ఆ నెలలో బిల్డింగువాళ్ళ చుట్టాలు, వాళ్ళ పక్కింటివాళ్ళు వచ్చి గోడలమీద ఉన్నదల్లా పట్టుకుపోయారట. మూల ఒక పెద్ద ఇత్తడి బూర మాత్రం మిగిలింది. ఒంటిచుట్టూ చుట్టుకుని భుజం మీంచి పైకి లేచి, గంగాళమంత నోరు తెరిచే రకం. ముసలాయన దాంట్లో గొడుగులు పెట్టుకున్నాడు.

"అది నీకెందుకమ్మా, మనిషంత ఉంది."

"గొడుగులు తీయండి."

"పాతిక ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు తల్లీ, గొడుగులకి తప్ప..."

"తీయమన్నానా?"

ఆవిడ జీవితంలో ఒక మాట రెండోసారి అనడం అదే మొదలు. ముసలాయన గబగబా గొడుగులు తీశాడు. నీళ్ళక్క బూరలో దూరి, దాన్ని భుజానికెత్తుకుని, బుగ్గలు పూరించి ఊదింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ఊదింది. కొంత దుమ్ము, ఒక పాత బస్సు టికెట్టు వచ్చాయి. మూడోసారి ఆఫీసు కిటికీ తలుచుకుని ఊదింది. నేల అడుగునుంచి వచ్చినట్టు, గేదె నిద్రలో మూలిగినట్టు ఒక లోతైన శబ్దం లేచి గదంతా నిండింది. కింద పరుపుల దుకాణంవాడు సరుకు లారీ వచ్చిందనుకుని పరుగున బయటికొచ్చాడు. నీళ్ళక్కకి నవ్వాగలేదు. బూరలో నవ్వడం వల్ల అది కూడా శబ్దమై బయటికొచ్చింది.

"డ్రమ్ములనుకున్నాను," అన్నాడు ముసలాయన, చిన్నబుచ్చుకుని.

ఆవిడ బూర విప్పకుండానే రోడ్డు మీద నడిచి వచ్చింది. బిల్డింగు మెట్లు సగం ఎక్కాక, రెండో అంతస్తు పై మలుపులో బూర ఇరుక్కుంది. పైకీ రాదు, కిందికీ పోదు. భర్త లాగాడు, గుడ్లాయన తోశాడు, డాక్టరు ఏదో మత్తుమందు సంగతి ఎత్తాడు. చివరికి నీళ్ళక్క వంగి కిందినుంచి బయటపడింది, బూర అక్కడే గోడకీ కటకటాలకీ మధ్య ఉండిపోయింది. ఇక చేసేదేముంది? ఊదాలనిపించినప్పుడు వచ్చి, అందులో దూరి, అక్కడే నిలబడి ఊదేది. ఫిర్యాదుల కోసం పైకెళ్ళేవాళ్ళు ఆ మలుపు దగ్గరే ఆవిణ్ణి దాటాలి. ఎవరైనా నోరు తెరవగానే ఆవిడ ఊదేది. వాళ్ళు ఆగితే ఆవిడ కూడా ఆగేది. మర్యాదలో లోపం లేదు. వారం తిరక్కుండానే వరస కరిగిపోయింది. మీటింగు పెడదామన్నా ఎవరికి వాళ్ళకి తమ వాయిద్యం ఊడిపోతుందన్న భయం ఉండి, ఆ మాట ఎత్తినవాడు లేడు.

కొట్టు ముసలాయనకి ఖాళీ గదిలో ఏం చెయ్యాలో తోచలేదు. కొత్తగా నేర్చుకుంటామని వచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని బిల్డింగుకే తీసుకొచ్చి, అంతస్తు అంతస్తుకీ తిప్పి చూపించేవాడు. ఆ వచ్చే పోయేవాళ్ళ కాళ్ళ కింద నలుగుతూనే నీళ్ళక్క ఏడాదిలో ఒక పూర్తి పాట నేర్చుకుంది. అది ఏ పాటో చెప్పగలిగినవాళ్ళు తక్కువ. ఆవిడకి మాత్రం తెలుసు. బిల్డింగుకి రంగులేసినప్పుడు పనివాళ్ళు బూర చుట్టూ వేసి, వెనక గోడని అలాగే వదిలేశారు.

ఒక సాయంత్రం ఇంట్లో నీళ్ళు రాని మనిషొకడు ఆఫీసు మూసేశారని ఆవిణ్ణి వెతుక్కుంటూ మెట్లెక్కి వచ్చాడు. ఆవిడ పాట మధ్యలో ఉంది. అతను మెట్టు మీద కూర్చుని చివరిదాకా విన్నాడు. వచ్చిన పని మర్చిపోయి, "మళ్ళీ ఎప్పుడు వాయిస్తారండీ?" అని అడిగాడు.

"ఆదివారం రండి," అంది నీళ్ళక్క, మూతి తుడుచుకుంటూ.

ఆదివారం పెళ్ళాన్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆ ఇల్లాలు మెట్టు మీద కొంగు పరుచుకుని కూర్చుని, పాటంతా శ్రద్ధగా విని, తనకి డ్రమ్ములే బాగున్నాయని చెప్పి రెండో అంతస్తుకి దిగిపోయింది.