మాది కాదండి అన్న ఇల్లు

సర్వేకు వచ్చినతను "ఈ ఇల్లు ఎవరిదమ్మా?" అని అడిగితే, మా అమ్మ "మాది కాదండి, కృష్ణా ఏటిది" అనేసింది. పెనుమూడిలో కృష్ణ ఒడ్డున, తాను పుట్టిన ఇంటి గుమ్మంలో నిలబడి! అతను ఇంటి వెనకాల హద్దురాయి పాతించి వెళ్ళిపోయాడు. ఇల్లు సర్కారు వైపు పడింది. రేపు గట్టు పనులు మొదలుపెడితే అమ్మను సామానుతో సహా రోడ్డు మీద పెడతారు.

సంగతి ఫోన్లో విని తెనాలి నుంచి పరుగెత్తుకొచ్చాను. "నీకేమైనా మతి పోయిందా?" అంటే, "నువ్వూరుకోవే. మాదంటే పన్నేస్తారు" అంది.

ఈ జవాబు ఆవిడ సొంతం కాదు, వాళ్ళ తాతది. తెల్లదొరల కాలంలో కలెక్టరు దొర ఊళ్ళో గుడారాలు వేయించుకుని దిగి, వలలు ఎండేసే ఈ చోటు ఎవరిదని అడిగాడట. ఎవరో పైనుంచి వేసిన మనిషి. మనం ఎన్నుకున్నవాడూ కాదు, వద్దంటే పోయేవాడూ కాదు. పన్ను వేసేది ఆయనే, అది అన్యాయమని మొరపెట్టుకుంటే వినేదీ ఆయనే. ఇక నిజం చెప్పే వెర్రివాడెవడు? తాత ఏటి మీదకు నెట్టేశాడు. దొరను బురిడీ కొట్టించామని మావాళ్ళు పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకునేవారు. ఆ గొప్పలు తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతోంది.

సోమవారం అర్జీలు తీసుకుంటారంటే అమ్మను బాపట్ల కలెక్టరాఫీసుకు లాక్కుపోయాను. రేపల్లెలో బస్సెక్కింది మొదలు గొణుగుతూనే ఉంది. అక్కడ ఒక కుర్ర అధికారి మాకు కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. అమ్మ గ్లాసు ముట్టుకోలేదు. నిజం చెప్పొద్దూ, అంత మర్యాద చూసి నాకూ ఏదో తేడాగా అనిపించింది.

"చెప్పండమ్మా, ఇల్లు మీదేనా?" అన్నాడాయన.

"ముందు మీరు చెప్పండి బాబూ. మాదంటే ఏం చేస్తారు?"

"మీ పేరు ఎక్కించమని పైకి రాస్తానండి."

"ఈలోగా మీకు బదిలీ అయిపోతే?"

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "తర్వాత వచ్చేవాళ్ళు చూస్తారమ్మా."

"వాళ్ళు కాదంటే?"

ఆయన నావైపు చూశాడు. అమ్మ లేచి కొంగు నడుముకు దోపుకుంది.

"అయితే రాసుకోండి. మాదే. అక్కడే పుట్టాను, అక్కడే పోతాను. కూలగొట్టడానికి మాత్రం ఇంకొకర్ని పంపకండి బాబూ, మీరే రండి."