ఒక్క కరివేపాకే కావాలన్నాం

సింగపూర్‌లోని ఆంగ్ మో కియోలో మా బ్లాక్ కింది తోటను పాడుచేసింది పురుగులు కాదు, మేమే. ఈ మాట మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ ఎవరికీ రుచించదు.

ఆ తోట పెంచింది మూడో అంతస్తు ఆంటీ. వాళ్లు తాతల కాలంలోనే విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. జామ, మునగ, నిమ్మ, పుల్లటి కాయల బిలింబి, మల్బరీ, వాటి మధ్య రెండే రెండు కరివేపాకు చెట్లు. ఏ ఆకు చూసినా ఒకటో రెండో చిల్లులుండేవి.

"తిననీ అమ్మా, వాటికీ మకాన్, అదే తిండి, కావాలి కదా. జామ మీద వాలిన పిట్టే కరివేపాకు మీద గొంగళిపురుగుని తింటాది. ఏదీ మితిమీరదు" అనేవారు ఆంటీ.

ఐటీ ఉద్యోగాలకని వచ్చిన మాకు అంత ఓపిక ఎక్కడిది? పొడికీ, పులిహోరకీ, పోపుకీ కరివేపాకు కావాలి. మిగతావన్నీ తీసేసి అదొక్కటే పెడదామని గ్రూపులో మొదట రాసింది నేనే. నిమిషంలో బొటనవేళ్లన్నీ పైకి లేచాయి. తోట కమిటీలో మావాళ్లే ఎక్కువ కాబట్టి ఒక్క శనివారంలో మిగతా చెట్లన్నీ నరికించి, తోటంతా కరివేపాకే నాటించేశాం. గ్రూపులో లేని ఆంటీని ఎవరూ అడగలేదు. కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టేశాం.

కొన్ని నెలలు పండగే. తర్వాత నల్ల సీతాకోకచిలుకలు వచ్చి గుడ్లు పెట్టాయి. ఒక చెట్టు నుంచి పక్క చెట్టుకి గొంగళ్లకి అడ్డే లేదు. పది రోజుల్లో ఆకులకి ఈనెలే మిగిలాయి. మందు కొట్టిస్తే గొంగళ్లతో పాటు వాటిని తినే సాలీళ్లూ, కందిరీగలూ చచ్చాయి. కొత్త చిగురు రాగానే పిండినల్లి పట్టింది. ఒక నెల పురుగే కనపడదు, మరో నెల పురుగు తప్ప ఇంకేమీ కనపడదు.

మీటింగులో ఒకాయన, "కరివేపాకు మనకి అచ్చిరాలేదండీ, మొత్తం పీకేసి నిమ్మ పెట్టేద్దాం" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ గొంగళి నిమ్మాకు కూడా తింటుందండీ! మళ్లీ ఒక్కటేనా? బుద్ధి రాదా మనకి?" అని అరిచాను.

"ఫస్ట్ ఐడియా మీదే కదండీ" అన్నాడాయన.

మర్నాడు పాత చెట్ల కొమ్మలు అడిగి తెచ్చి మళ్లీ నాటుదామని ఆంటీ తలుపు కొట్టాను. కూర్చోబెట్టి టీ ఇచ్చారు. నేనడిగింది చివరిదాకా విన్నారు.

"ఏ కొమ్మ ఇమ్మంటావమ్మా? నాకు వేరే తోట ఎక్కడుంది? అన్నీ కిందే కదా ఉండేవి" అన్నారు.